నల్లా కారుతుంటే మనమే బాగు చేసుకోవచ్చా, ప్లంబరు కోసం ఆగాలా?

చేసుకోవచ్చు. వాషరు మార్చడానికి పానా పట్టుకోవడం వస్తే చాలు. కానీ మీరు అడగాల్సింది అది కాదండీ. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడ కట్టేయాలో మీకు తెలుసా? ఇల్లు చూడ్డానికి వెళ్తే ఈశాన్యం ఎటుంది, పొయ్యి ఏ మూలకొస్తుంది అని గంటసేపు చూస్తాం. గేట్ వాల్వు ఎక్కడుందని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. నేనూ అడగలేదు, అందుకే అనుభవించాను.

మాది హైదరాబాదులో నిజాంపేట వైపు, నాలుగో అంతస్తు. బాల్కనీలో గిన్నెలు తోముకునే చోట నల్లా కారడం మొదలైంది. రాత్రి పదింటికి కింద మగ్గు పెడితే పొద్దున ఆరింటికి నిండి పొర్లుతుండేది. ప్లంబరుకు ఫోన్ చేస్తే "దారిలోనే ఉన్నా సార్" అన్నాడు. ఆ దారి ఎంత పొడుగో గానీ మూడు రోజులైనా రాలేదు. ఆదివారం నేనే దిగాను. బాత్‌రూమ్ అటక మీద రెండు వాల్వులు కనబడితే రెండూ కట్టేసి, వంటింట్లో నల్లా తిప్పి చూశాను. నీళ్లు రాలేదు. ఇంకేం అనుకుని బాల్కనీ నల్లాకు పానా వేశాను. తీరా చూస్తే దానిది వేరే లైనట! స్పిండిల్, అదే పిడి తిప్పితే లోపల తిరిగే కడ్డీ, చేతిలోకి రావడం, నీళ్లు నా ముఖాన కొట్టడం ఒకేసారి అయ్యాయి. మా అత్తగారు ఎండబెట్టిన గుమ్మడి వడియాలు పళ్లెంతో సహా హాల్లోకి వచ్చేశాయి. మా ఆవిడ తువ్వాలు అడ్డం పెట్టి నిలబడితే నేను మేడ మీదికి పరిగెత్తాను. తలుపుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ చాయ్ దగ్గర. అతనొచ్చి ఏది మాదో తెలియక వరసపెట్టి అన్నీ కట్టేశాడు. రెండో అంతస్తు ఆంటీగారు తల నిండా షాంపూతో ఫోన్ చేశారు. పైన అన్ని వాల్వులుంటే ఒక్కదాని మీదైనా ఫ్లాట్ నంబరు రాసి ఉంటే ఒట్టు. లక్షలు లక్షలు తీసుకున్న బిల్డరుకు ఒక మార్కర్ పెన్ను బరువైపోయిందా?

విప్పి చూస్తే వాషరు ఒక పక్క గాడి పడింది, స్పిండిల్ చుట్టూ సున్నం వేసినట్టు తెల్లటి పొర. బోరు నీళ్ల మహిమ. మా నీళ్లు టెస్టు చేయిస్తే హార్డ్‌నెస్, అంటే నీళ్లలో కరిగిన సున్నంలాంటి లవణాల లెక్క, 740 వచ్చింది. తాగే నీళ్లకు వేరే దిక్కు లేకపోతే సర్దుకోమన్న హద్దే లీటరుకు 600 మిల్లీగ్రాములు. గీజరు కాయిల్ పోయినా, నా జుట్టు ఊడినా అంతా దానివల్లే, కావాలంటే రాసిస్తాను. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు వేసి స్పిండిల్‌ను అరగంట నానబెడితే బుసబుసా నురగొచ్చి పొర వదిలింది.

షాపుకి పాత వాషరు పట్టుకెళ్లండి. లేకపోతే హాఫ్ ఇంచా, త్రీఫోర్తా అని అడుగుతారు, బిక్కమొహం వేసుకుని మళ్లీ ఇంటికి రావాలి. నా దగ్గర పది రూపాయలు తీసుకున్నాడు. మీది పావు చుట్టు తిప్పే కొత్తరకం నల్లా అయితే లోపల వాషరుకు బదులు సిరామిక్ బిళ్లలుంటాయి, అప్పుడు ఆ బిళ్లలున్న కార్ట్‌రిడ్జే మార్చాలి.

ముందు మాత్రం వాల్వు కట్టి, మీరు విప్పబోయే నల్లానే తిప్పి చూడండి, పక్కది కాదు. వాల్వు బిగుసుకుపోయి ఉంటే బలం చూపించకండి. మా బావమరిది అలాగే తిప్పాడు, పిడి ఊడి చేతికొచ్చింది.