రాలిన రాళ్లలో లావా జాడలు

ప్రశ్న: ఇతర గ్రహాల మీది అగ్నిపర్వతాలు చిమ్మిన రాళ్లే ఉల్కలుగా భూమి మీద పడతాయని ఎప్పుడో చదివిన గుర్తు. అది నిజమేనా? నిజం కాకపోతే, ఆకాశం నుంచి రాలిన రాయిని చూసి అది పుట్టిన చోట అగ్నిపర్వతం ఉండేదని శాస్త్రవేత్తలు ఎలా చెప్పగలుగుతున్నారు?

జవాబు: మీరు చదివిన మాటను ఒకప్పుడు మహామహులే నమ్మారు. చంద్రుడి చీకటి భాగంలో మెరిసిన మచ్చలను చూసి, అవి మండుతున్న అగ్నిపర్వతాలని ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ 1787లో ప్రకటించాడు. చంద్రుడి ఆకర్షణ శక్తి తక్కువ కాబట్టి అక్కడి అగ్నిపర్వతం చిమ్మిన రాయి భూమిని చేరగలదని ఆ తరువాత కొన్నేళ్లకు ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ ప్రతిపాదించాడు. ఊహ మంచిదే కాని, చంద్రుడి పట్టు నుంచి తప్పించుకోవాలంటే రాయి సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగాన్ని, అంగారకుడి నుంచయితే 5 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవాలి. అగ్నిపర్వతం రాళ్లను అంత వేగంగా విసరలేదు. ఆ పని చేసేది సూర్యుడి చుట్టూ తిరిగే రాతి ముద్దలైన గ్రహశకలాల తాకిడి. అంటే, మనకు దొరికే లావా ఉల్క వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంఘటనలు ఉంటాయి: అగ్నిపర్వతం ఆ రాయిని పోతపోయడం ఒకటి, ఆ తరువాత కోట్ల ఏళ్లకు ఏదో తాకిడి దాన్ని పెళ్లగించి పైకి విసరడం మరొకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే పాత పొరపాటు పుట్టింది.

ఇక గుర్తుపట్టే పద్ధతి. కళ్లెదుట రాలి దొరికిన ఉల్కల్లో నూటికి ఎనభైకి పైగా ఎన్నడూ పూర్తిగా కరగని రాళ్లు. వాటిలో కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రని గింజలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. లావా ఉల్కలో ఆ గింజలు ఉండవు. యూక్రైట్ అనే రకం లావా ఉల్క నుంచి ఒక పలుచని పొరను కోసి, మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు మందానికి అరగదీసి, ఒకే దిశలో కంపించే ధ్రువణ కాంతిలో సూక్ష్మదర్శిని కింద పెడితే, పొడవాటి పుల్లల్లాంటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉండటం, వాటి సందుల్లో పైరాక్సీన్ అనే మరో ఖనిజం రంగురంగులుగా మెరవడం కనిపిస్తుంది. భూమి మీద లావా గడ్డకట్టి ఏర్పడే బసాల్ట్ అనే నల్లరాయి అల్లిక కూడా ఇదే. స్ఫటికాలు ఎంత చిన్నవైతే లావా అంత త్వరగా, అంటే ఉపరితలానికి అంత దగ్గరగా చల్లారిందని అర్థం. 1957లో బ్రెజిల్‌లో పడిన ఇబితీరా ఉల్కలోనైతే గుండ్రని బుడగల గుంతలే మిగిలి ఉన్నాయి. కరిగిన రాతిలో వాయువు ఉండేదనడానికి అంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు.

వయసును రాతిలోని రేడియోధార్మిక మూలకాలు చెబుతాయి. యురేనియం సీసంగా, పొటాషియం ఆర్గాన్‌గా మారే వేగం మనకు తెలుసు కనుక, ఆ రాయి గడ్డకట్టి ఎంత కాలమయిందో లెక్క కట్టవచ్చు. యూక్రైట్ల వయసు ఇంచుమించు 450 కోట్ల ఏళ్లు. వెస్టా అనే గ్రహశకలం నుంచి వచ్చే కాంతి వర్ణపటం, అంటే అందులోని రంగుల పంపిణీ, వీటి వర్ణపటంతో సరిపోతున్నదని 1970లో గుర్తించారు. 2011, 2012 సంవత్సరాల్లో డాన్ అంతరిక్ష నౌక వెస్టా చుట్టూ తిరిగి ఆ బంధుత్వాన్ని బలపరిచింది. దాని దక్షిణ ధ్రువం దగ్గర సుమారు 500 కిలోమీటర్ల వెడల్పున్న తాకిడి గుంత కూడా ఉంది, కాబట్టి రాళ్లు ఎలా బయటపడ్డాయన్న ప్రశ్నకూ జవాబు దొరికినట్టే.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. వెస్టా వ్యాసం దాదాపు 525 కిలోమీటర్లే. అంత చిన్న ముద్ద లోపల రాయి కరిగేటంత వేడి ఎక్కడిది? సౌరకుటుంబం పుట్టిన కొత్తలో అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక ఐసోటోపు, అంటే ఆ మూలకపు ఒక రూపం, విరివిగా ఉండేది. దాని అర్ధాయుష్షు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, సుమారు 7 లక్షల ఏళ్లు మాత్రమే కనుక, తొలి కొద్ది లక్షల ఏళ్లలో గడ్డకట్టిన పెద్ద శకలాలు దాన్ని కడుపులో పెట్టుకుని లోపలి నుంచే ఉడికిపోయాయి. ఆలస్యంగా ఏర్పడినవి చల్లగానే ఉండిపోయాయి. 2020లో సహారాలో దొరికిన ఎర్గ్ షెష్ 002 అనే ఉల్క వయసు దాదాపు 456.5 కోట్ల ఏళ్లు, సౌరకుటుంబం వయసు 456.7 కోట్లు, అంటే భూమి ఇంకా పూర్తిగా తయారు కాకముందే ఎక్కడో ఒక చిన్న లోకంలో లావా గడ్డకట్టేసింది. అగ్నిపర్వతాలుండాలంటే పెద్ద గ్రహమే కావాలన్న మన అభిప్రాయాన్ని ఈ ఒక్క రాయి తోసిపుచ్చుతున్నది. అయితే చిన్న లోకాల్లో ఆ మంట ఎక్కువ కాలం నిలవలేదు. ఇంధనం త్వరగా తరిగిపోయింది, పరిమాణం చిన్నది కావడంతో ఉన్న వేడీ త్వరగానే జారిపోయింది.

ప్రశ్న: కొన్ని ఉల్కలు అంగారకుడివని అంత ధీమాగా ఎలా అంటారు? వాటి వల్ల ఆ గ్రహం గురించి కొత్తగా ఏం తెలిసింది?

జవాబు: ధీమాకు కారణం ఒక గాజు ముక్క. 1865లో బీహార్‌లోని షేర్‌ఘాటీలో, 1911లో ఈజిప్టులోని నఖ్లాలో పడిన ఉల్కలూ, వాటిని పోలిన మరికొన్నీ చాలాకాలం పాటు అంతుచిక్కలేదు. లావా రాళ్లే అయినా వాటి వయసు మరీ తక్కువగా తేలింది. నఖ్లా వయసు 130 కోట్ల ఏళ్లు. గ్రహశకలాలు అంతకు చాలా ముందే చల్లారిపోయాయి కాబట్టి, ఇవి పెద్ద గ్రహం నుంచే వచ్చి ఉండాలన్న అనుమానం కలిగింది. అంటార్కిటికా మంచు మీద దొరికిన షేర్‌ఘాటీ తరహా ఉల్క ఒకదానిలో, తాకిడి వేడికి కరిగి ఏర్పడిన గాజు గుళికలున్నాయి. వాటిలో చిక్కుకున్న ఆర్గాన్ వంటి వాయువుల పాళ్లు 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి వాతావరణంలో కొలిచిన పాళ్లతో సరిపోయాయని 1983లో ప్రచురితమైంది. ఒక గ్రహపు గాలిని సీసాలో పట్టి పంపినట్టయింది. ఈ రాళ్లలో ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తులు కూడా భూమి రాళ్లకు భిన్నంగా, తమలో తమకు పొందికగా ఉంటాయి.

తెలిసినదేమిటంటే, అక్కడి అగ్నిపర్వతాలు మనం ఊహించలేనంత ఓపికగలవి. నఖ్లా జాతి ఉల్కలు అనేకాల వయసును నిర్ణయించి 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, అవి ఒకే అగ్నిపర్వతం సుమారు 9 కోట్ల ఏళ్ల వ్యవధిలో కనీసం నాలుగు సార్లు వెళ్లగక్కిన లావా పొరలు. ఆ పర్వతం పది లక్షల ఏళ్లకు మీటరైనా పెరగలేదు. ఆ రాళ్లన్నీ దాదాపు 1.1 కోట్ల ఏళ్ల క్రితం ఒకే తాకిడికి ఎగిరిపడ్డాయి. అంతరిక్షంలో ఉన్నంతకాలం రాయిలోకి దూసుకుపోయే కాస్మిక్ కిరణాలు అనే అతివేగ కణాలు కొత్త ఐసోటోపులను పుట్టిస్తాయి, వాటి మోతాదును బట్టి ప్రయాణకాలం తేలుతుంది.

షేర్‌ఘాటీ జాతి కథ ఇంకా వింతగా ఉంటుంది. 2011 జూలైలో మొరాకోలో పడిన తిస్సింట్ ఉల్క వయసు 57 కోట్ల ఏళ్లు. వాయవ్య ఆఫ్రికా 7635 అనే ఉల్క వయసు 240 కోట్లు. రసాయనికంగా ఒకే గూటి పక్షులైన ఈ రెండూ సుమారు 11 లక్షల ఏళ్ల క్రితం ఒకే దెబ్బకు లేచి వచ్చాయి. అంటే ఒకే అగ్నిపర్వత ప్రాంతంలో దాదాపు 180 కోట్ల ఏళ్ల తేడాతో లావా పారింది. అంగారకుడి పైపొర భూమి ఫలకాల మాదిరిగా జరగదు కనుక, కింది శిలాద్రవం ఒకే చోట పదేపదే పైకి రాగలదు; సుమారు 22 కిలోమీటర్ల ఎత్తున్న ఒలింపస్ మాన్స్ అనే అక్కడి అగ్నిపర్వతం అలాగే పేరుకుంది. ఉపగ్రహ చిత్రాల్లో గుంతలను లెక్కపెట్టి ఏ నేల పాతదో, ఏది కొత్తదో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు గాని, సంవత్సరాల్లో చెప్పాలంటే రాయి చేతికి రావలసిందే. ఉల్కలకున్న లోపం దీనికి సరిగ్గా వ్యతిరేకం: రాయి ఎప్పుడు పుట్టిందో అవి చెబుతాయి, ఎక్కడ పుట్టిందో చెప్పవు. ఏ గుంత నుంచి ఏ రాయి లేచిందన్నది ఈనాటికీ వాదోపవాదాల విషయమే.

ప్రశ్న: శుక్రుడి నుంచి, గురుగ్రహపు ఉపగ్రహమైన అయో నుంచి కూడా ఉల్కలు వచ్చాయా?

జవాబు: గుర్తించినవి ఏవీ లేవు. శుక్రుడి దట్టమైన వాతావరణాన్ని చీల్చుకుని, సెకనుకు 10 కిలోమీటర్లకు మించిన వేగంతో రాయి బయటపడటం చాలా కష్టం. అయో చుట్టూ గురుగ్రహపు ఆకర్షణ కాపలా కాస్తుంటుంది. సౌరకుటుంబంలో అన్నిటికంటే ఉధృతంగా లావా కక్కుతున్న లోకం నుంచి మన చేతికి ఒక్క రాయీ అందలేదు.

ప్రశ్న: నా దగ్గర నల్లగా, రంధ్రాలతో, బరువుగా ఉన్న రాయి ఒకటుంది. లావా ఉల్క కావచ్చా?

జవాబు: అవకాశం చాలా తక్కువ. బుడగల గుంతలున్న ఉల్కలు అత్యంత అరుదు. అలాంటి రాయి దాదాపు ఎప్పుడూ లోహం కరిగించేటప్పుడు మిగిలిన చిట్టెమో, భూమి మీది లావా రాయో అయి ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూసి తేల్చేసుకోకండి, ఎందుకంటే చిట్టెం అయస్కాంతానికి అంటుకోవచ్చు, యూక్రైట్‌లో లోహపు ఇనుము దాదాపు ఉండదు కనుక నిజమైన ఉల్కే అంటుకోకపోవచ్చు. పైన సన్నని నల్లని పెంకు ఉండి, చితికిన చోట లోపలి భాగం లేత బూడిద రంగులో కనిపిస్తే మాత్రం దగ్గరలోని భూగర్భశాస్త్ర విభాగంలో చూపించండి.