ట్యాబ్‌లో గీసిన బొమ్మ, చెర్రీ చెక్క మీద అచ్చు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ట్యాబ్‌లో బొమ్మలు బాగా గీస్తుంది. జపాన్ చెక్క అచ్చుల ముద్రణను, డిజిటల్ ఆర్ట్‌ను కలిపి అదే వృత్తిగా చేసుకుంటానంటోంది. దీంతో బతకగలదా?
– ఒక తండ్రి, మచిలీపట్నం

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ ఇది ఎవరూ నడవని దారేం కాదు. జెడ్ హెన్రీ అనే అమెరికా చిత్రకారుడు వీడియో గేమ్ పాత్రలను పాత జపాన్ బొమ్మల పద్ధతిలో గీశాడు. టోక్యోలో స్థిరపడిన డేవిడ్ బుల్ వాటిని చెర్రీ చెక్క మీద చెక్కి, చేత్తో ముద్రించే పని చేపట్టాడు. 2012లో కిక్‌స్టార్టర్‌లో, అంటే జనం ముందుగానే డబ్బు వేసే వెబ్‌సైట్‌లో పెడితే 3 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అంత డబ్బు అందరికీ వస్తుందని చెప్పను. ఇలాంటి బొమ్మలు కొనేవాళ్లున్నారని మాత్రం చెప్పగలను.

అక్కడ పని చేసింది ఒక్కరు కాదు. పాతకాలపు జపాన్ చిత్రకారుడు హొకుసాయి రోజుల్లోనూ గీసేవారు, చెక్కేవారు, ముద్రించేవారు వేర్వేరు, పెట్టుబడి పబ్లిషర్‌ది. చెక్కడంలో చెయ్యి తిరగడానికే ఏళ్లు పడుతుంది. మీ అమ్మాయికి సంపాదన గీతతోనే, అంటే ఇలస్ట్రేషన్, డిజైన్ పనులతోనే రావాలని నా అభిప్రాయం. అయినా ఉలి పట్టడం నేర్చుకుని తీరాలి. ట్యాబ్‌లో ఒకదాని మీద ఒకటిగా ఎన్ని రంగుల పొరలైనా (లేయర్లు) పెట్టుకోవచ్చు. చెక్క అచ్చులో రంగు పెరిగిందంటే చెక్కాల్సిన అచ్చు పెరుగుతుంది, కాగితం మరోసారి అచ్చు మీదికి ఎక్కాలి. అచ్చు మూలన, అంచున చెక్కే 'కెంతో' గుర్తుల్లో కాగితం సరిగ్గా కూర్చోకపోతే రంగు గీత దాటిపోతుంది. ఆకాశంలో నీలం పల్చబడే 'బొకాషి' కోసం ముద్రించేవారు ప్రతి కాగితానికీ తడి అచ్చు మీద బ్రష్‌తో రంగు సర్దాలి. ఇదంతా చేసి చూసినవాళ్లు ట్యాబ్‌లో గీసేటప్పుడే రంగులు తగ్గిస్తారు, గీతకు బలం ఇస్తారు. లేజర్ కటింగ్‌తో కూడా అచ్చులు చేస్తున్నారు. వెడల్పాటి రంగు అచ్చులకు అది పనికొస్తుంది. ముఖ్యమైన గీతల అచ్చు మాత్రం చేత్తోనే చెక్కించండి. కత్తి నడకలోని ప్రాణం లేజర్‌లో నాకు కనిపించదు.

చదువు విషయానికొస్తే, ముందు నాలుగేళ్ల బీఎఫ్‌ఏ, అంటే లలిత కళల డిగ్రీ, ఇక్కడే మన దేశంలో చేయించండి. శాంతినికేతన్ కళాభవన్, బరోడా ఎమ్మెస్ యూనివర్సిటీ ప్రింట్‌మేకింగ్‌కు (అచ్చు బొమ్మల కళకు) పేరున్న చోట్లు. తర్వాత ఎంఎఫ్‌ఏకు (పీజీకి) హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. అప్పు చేసి ఇప్పుడే జపాన్ పంపొద్దు. డిగ్రీ అయ్యాక జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు పోటీపడవచ్చు, ఎంపికైతే ఫీజు, నెల ఖర్చు వాళ్లే ఇస్తారు. ఈలోగా జపనీస్ మొదలుపెట్టమనండి.

ఈ వేసవిలో పెడన తీసుకెళ్లండి, మీకు పక్కనే కదా. కలంకారీ అచ్చులు చెక్కేవారి దగ్గర కొన్నాళ్లు కూర్చోనివ్వండి. పద్ధతి వేరే: పెడనలో అచ్చును బట్ట మీద అద్దుతారు, జపాన్‌లో అచ్చు కదలదు, దాని మీద కాగితం పరిచి వెనకనుంచి 'బారెన్' అనే గుండ్రటి సాధనంతో రుద్దుతారు. అయినా చెక్క స్వభావం, ఉలి పట్టు అక్కడ తెలుస్తాయి. తర్వాత తను ట్యాబ్‌లో గీసిన ఒక బొమ్మను ఒకే రంగుకు కుదించి, ప్రింట్ తీసి, చిన్న ప్లైవుడ్ ముక్క మీద తిరగేసి అతికించి చెక్కమనండి. అది పూర్తయ్యాక కూడా రెండో బొమ్మకు చెక్క కావాలని అడిగితే, బీఎఫ్‌ఏ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేయించండి.