గుల్లల తవ్వకం ఆపాలంటే ముందు లీజు నకలు అడగండి

నెల్లూరు జిల్లా కండలేరు ఉప్పుటేరులో యంత్రాలతో ఆల్చిప్ప గుల్లలు తోడేస్తున్నారనీ, అడిగితే "చచ్చిన గుల్లలే కదా" అంటున్నారనీ మీరు రాశారు. ఆ మాటకు లొంగకండి. ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీటిలో తిరిగి, గట్టి ఆధారం దొరికిన చోట అతుక్కుని జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. బురద నేలలో ఆ ఆధారం చాలావరకు పాత గుల్లలే. అవి పోతే కొత్త తరానికి చోటే లేదు. పైగా యంత్రం లేపిన బురద పక్కనే బతికి ఉన్న ఆల్చిప్పల దిబ్బలను కప్పేస్తుంది. అమెరికాలో గాల్వెస్టన్ అఖాతం రోడ్ల కోసం, సిమెంటు కోసం ఇలాగే దిబ్బలను పోగొట్టుకుంది.

సున్నపు బట్టీలకు వెళ్లే గుల్ల చట్టప్రకారం చిన్నతరహా ఖనిజం. లీజు లేకుండా తవ్వకూడదు. జిల్లా గనుల శాఖ కార్యాలయంలో సమాచార హక్కు కింద లీజు నకలు, హద్దుల పటం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈలోగా తేదీ పడే ఫొటోలు తీసి, మడ చెట్లు, బురద మైదానాలు ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోండి. అవి తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో అత్యంత రక్షిత వర్గంలోకి వస్తాయి. ఫిర్యాదు కలెక్టర్‌కు ఇవ్వండి. ఆయన అధ్యక్షతన ఉండే తీరప్రాంత కమిటీలో మత్స్యకారులు సహా స్థానిక తీర సముదాయాల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. ముత్తుకూరు మత్స్య కళాశాల అధ్యాపకులను ఒకసారి వచ్చి చూడమని కోరండి, వారి మాటకు బరువుంటుంది.

పర్యావరణ కేసులు విచారించే చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే సాధారణంగా ఆరు నెలలే గడువు. ఆలస్యం చేయకండి.

ఒక్క విన్నపం: చేత్తో ఏరుకునే ఆడవాళ్ల జోలికి ఫిర్యాదు వెళ్లనివ్వకండి. యంత్రాల పేరే స్పష్టంగా రాయండి.