బెంగళూరు నుంచి అనంతపురం వైపు వచ్చే కంపెనీ చూసేది పన్నా, భూమా?

ముందు భూమే. ఆదాయపు పన్ను కేంద్రానిది, ఎక్కడైనా ఒకటే. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను తగ్గించి పిలిచే వీలు కూడా రాష్ట్రాలకు పోయింది. మిగిలింది కట్టిన ఎస్‌జీఎస్టీని (జీఎస్టీలో రాష్ట్రానికి వచ్చే భాగం) తిరిగివ్వడం, స్టాంపు డ్యూటీ, కరెంటు రాయితీలు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. పెనుకొండలో తయారైన సరుకు బెంగళూరులో అమ్మితే పడేది ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే అమ్మకాలపై వేసే జీఎస్టీ. అందులో రాష్ట్ర వాటా కర్ణాటకకు పోతుంది. కాబట్టి ఎస్‌జీఎస్టీ వాపసు ఆంధ్రాలో అమ్మేవాళ్లకే నిజమైన లాభం. పైగా అది ముందు కట్టి తర్వాత తీసుకోవాల్సిన డబ్బు. ఆలస్యమైతే వడ్డీ భారం మీదే.

ఒకేచోట వందల ఎకరాలు, పక్కనే హైవే, నీళ్లు ఉంటే లెక్క మారుతుంది. కార్ల కంపెనీ కియా పెనుకొండ దగ్గరి ఎర్రమంచికి వచ్చినప్పుడు గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు కీలకమయ్యాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2,621, కడప జిల్లా కొప్పర్తిలో 2,596 ఎకరాల పారిశ్రామిక నోడ్‌లకు (పరిశ్రమల కేంద్రాలకు) కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది.

సొంతంగా కొనేవాళ్లు మాత్రం జాగ్రత్త: చౌకగా వస్తోందని డీకేటీ పట్టా భూమికి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమికి, అడ్వాన్సు ఇవ్వొద్దు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది; 2023 సవరణ మినహాయింపు ఇచ్చింది ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూములకే. అడ్వాన్సుకు ముందే 22-ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడండి, ఈసీ (ఆ భూమిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి.