పాపకు ఏ ఎయిర్ రైఫిల్ కొనాలి?

ప్రశ్న: మేడమ్, మా పాపకు పదమూడేళ్లు. వేసవి క్యాంపులో ఎయిర్ రైఫిల్ పట్టుకున్నప్పటి నుంచి అదే ధ్యాస. షాపుకెళ్తే ‘వెయ్యి ఎఫ్‌పీఎస్ సార్, చాలా పవర్‌ఫుల్’ అంటూ ఒకటి చూపించారు. తెలిసినవాళ్లేమో జర్మన్ రైఫిల్ అయితేనే కొనండి, లేకపోతే డబ్బు దండగ అంటున్నారు. మా బడ్జెట్ అరవై వేలు. గట్టిగా లాగితే లక్ష. ఏది కొనమంటారు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఇప్పుడప్పుడే ఏదీ కొనొద్దు. ముందు ఆ ‘వెయ్యి ఎఫ్‌పీఎస్’ సంగతి చూద్దాం. చాలామంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

ఎఫ్‌పీఎస్ అంటే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు ఎన్ని అడుగుల వేగంతో బయటికి వస్తుందన్న లెక్క. ఒలింపిక్స్‌లో వాడే పది మీటర్ల మ్యాచ్ రైఫిల్ వేగం ఇంచుమించు ఐదు వందల డెబ్భై. అంటే షాపులో మీకు చూపించినదానిలో సగం కంటే కాస్త ఎక్కువ. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చినా ఈ తరగతి రైఫిళ్లతోనే. పది మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పడాలంటే ఆ వేగం చాలు. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ప్రతిసారీ దాన్ని తాకాలంటే ఒకే వేగంతో, ఒకే తీరుగా పెల్లెట్‌ను వదిలే బ్యారెల్ (గొట్టం) కావాలి. వేలు తాకగానే వదిలే ట్రిగ్గర్ కావాలి. ఈ రెండూ డబ్బా మీద రాయరు, అందుకే షాపువాళ్లు వేగం గురించి చెప్తారు.

పైగా ఆ వెయ్యి ఎఫ్‌పీఎస్ రైఫిల్ స్ప్రింగ్‌తో పనిచేసేది అయి ఉంటుంది. బ్యారెల్‌ను విరిచి వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే రైఫిల్ వెనక్కీ ముందుకీ కుదుపుతుంది. స్ప్రింగ్ ఎంత బలంగా ఉంటే కుదుపు అంత ఎక్కువ, విరిచి వంచడానికీ అంత బలం కావాలి. పదమూడేళ్ల పాప ఒక పూటలో దాన్ని నలభై సార్లు వంచితే భుజం పట్టేస్తుంది, ఇక గురి ఎక్కడ కుదురుతుంది? స్ప్రింగే కొనేట్లయితే తక్కువ పవర్‌ది, తేలిగ్గా వంగేది తీసుకోండి. దేశంలో తయారైనవి కొన్ని వేల రూపాయల్లోనే దొరుకుతాయి. రాష్ట్ర స్థాయి పోటీల్లో ఓపెన్ సైట్ (రంధ్రం లేని మామూలు గురి) విభాగం వేరేగా ఉంటుంది కాబట్టి అలాంటి రైఫిల్‌తోనూ మొదలుపెట్టొచ్చు.

రెండో రకం పీసీపీ. సిలిండర్‌లో రెండు వందల బార్ ఒత్తిడితో గాలి నింపుతారు, ప్రతి షాట్‌కూ కొలిచినట్టు కాస్త గాలి వదులుతుంది. కుదుపు దాదాపు ఉండదు. ఒకసారి నింపితే రెండు వందల షాట్లకు పైగా వస్తాయి. మీవాళ్లు చెప్పిన జర్మన్ రైఫిళ్లు – ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, ఆన్షుట్జ్ కంపెనీలవి – ఈ రకమే. పెద్ద మోడళ్లు మన దగ్గరికి వచ్చేసరికి రెండు లక్షలు దాటతాయి. హామర్లి ఏఆర్20 లాంటివి ఆ పెద్ద మోడళ్ల ధరలో సగం లోపే. మొదటి మూడు నాలుగేళ్లకు అలాంటిదే చాలు.

పీసీపీ వైపు నేను మొగ్గు చూపడానికి కుదుపు లేకపోవడం కంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. మా షూటర్ల ప్రాక్టీస్‌లో చాలా భాగం పెల్లెట్ లేకుండానే సాగుతుంది. డ్రై ఫైర్ అంటాం. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ – ఈ మూడూ ఇంట్లో గోడ ముందు నేర్చుకునేవే. మ్యాచ్ రైఫిళ్లలో దానికోసం ప్రత్యేకంగా ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా పేల్చకూడదు. అడ్డుకునే గాలి లేక పిస్టన్ నేరుగా గుద్దుకుని పాడైపోతుంది. అంటే స్ప్రింగ్ కొన్న పిల్లలకు ఇంట్లో చేసే సాధన పోయినట్టే.

ఇక లెక్క. పాప నెలకు పాతిక రోజులు, రోజుకు అరవై షాట్లు కొడితే పదిహేను వందల పెల్లెట్లు. ఐదు వందలుండే టిన్నులు మూడు. మంచి మ్యాచ్ పెల్లెట్ల టిన్ను ఒక్కోటి వెయ్యికి పైనే పెట్టుకోండి. ఏడాదికి ముప్పై ఆరు వేలు దాటుతుంది. తర్వాత జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్. నడుముకు దన్ను ఆ జాకెట్టే, ఎదిగే పిల్లలకు అది రెండేళ్లలో బిగుతైపోతుంది కూడా. ఉన్న లక్షా రైఫిల్‌కే పెట్టి, నాలుగో నెల పెల్లెట్లకు వెనకాడే ఇళ్లు ఎన్నో చూశాను. పిల్లలు అక్కడే ఆగిపోతారు. నాకు చాలా బాధ కలిగించే విషయం అది.

కాబట్టి మొదటి ఆరు నెలలు క్లబ్ రైఫిల్‌తోనే నేర్పించండి. ముందు మీ ఊళ్లో వాకబు చేయండి. హైదరాబాద్ రాగలిగితే సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ప్రభుత్వ రేంజ్ ఉంది. ఆ ఆరు నెలల్లో పాప చేయి, మెడ, ఎత్తు ఏ కొలతలు అడుగుతున్నాయో కోచ్‌కు అర్థమవుతుంది.

కొనే రోజు పాపను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. రైఫిల్ చేతికిచ్చి, పోటీలో నిలబడినట్టే నిలబడమనండి. ఎడమ మోచేయి నడుము ఎముక మీద ఆనాలి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి పెట్టి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవమనండి. పీప్ సైట్ (వెనకవైపు గురి చూసే చిన్న రంధ్రం) సూటిగా కంటి ముందు ఉండాలి. మెడ వంచో సాచో వెతుక్కుంటోందంటే చెంప కింది చీక్ పీస్‌ను, వెనక బట్ ప్లేట్‌ను జరిపి చూడండి. జరిపినా కుదరకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా అది మీ పాపది కాదు. నిబంధనల ప్రకారం రైఫిల్ ఐదున్నర కిలోల వరకు ఉండొచ్చు. ఈ వయసుకు నాలుగు కిలోల లోపు వెతకండి, బరువు తర్వాత జోడించుకోవచ్చు.

ప్రశ్న: వయసు ముప్పై నాలుగు. సరదాగా మొదలుపెట్టి సీరియస్ అయ్యాను. నాది కుడిచేతి వాటం, కానీ ఎడమ కన్ను బలమైనదని కోచ్ అంటున్నారు. సెకండ్ హ్యాండ్ పీసీపీ ఒకటి తక్కువకు వస్తోంది. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు కన్ను సంగతి తేల్చుకోండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి ఎదుటి గోడ మీది గడియారాన్ని అందులోంచి చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కనబడుతుందో అదే మీ గురి కన్ను. ఎడమదే అని తేలితే దారులు రెండు. ఎడమ భుజానికి మారడం ఒకటి. కొత్తవాళ్లకు అదే మేలు, మొదటి నెల చిరాగ్గా ఉన్నా తర్వాత సర్దుకుంటుంది. కుడి భుజానికే ఉండి ఎడమ కంటి ముందు బ్లైండర్ (చూపుకు అడ్డంగా ఉండే చిన్న పట్టీ) పెట్టుకోవడం రెండోది. ముప్పై మిల్లీమీటర్ల వెడల్పు వరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. నల్లది కాకుండా తెల్లగా మసకగా ఉండేది పెట్టుకోండి. కన్ను గట్టిగా మూసుకుని మాత్రం కొట్టొద్దు, రెండో కన్నూ అలసిపోతుంది. ఇది తేలకుండా రైఫిల్ కొంటే ఇబ్బందే, చాలా స్టాకులు (భుజానికి, చెంపకు ఆనే రైఫిల్ పిడి భాగం) ఒక చేతి వాటానికే చెక్కి ఉంటాయి.

పాత రైఫిల్‌లో నేను మొదట చూసేది సిలిండర్ మీద ముద్రించిన తేదీ. చాలా సిలిండర్లకు గడువు పదేళ్లు. గడువు దాటినదాన్ని వాడకండి, కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. గాలి నింపి రాత్రంతా ఉంచి, పొద్దున మీటర్‌లో ముల్లు దిగిందేమో చూడండి. రైఫిల్‌ను వైస్‌లో మెత్తగా బిగించి, మంచి పెల్లెట్లతో పది షాట్లు కొట్టించండి. పది మీటర్లలో పదీ ఒకే చిల్లులా కలిసిపోవాలి. అసలు బిల్లు, దాని మీద ఉన్న సీరియల్ నంబర్ రైఫిల్‌తో సరిపోవాలి. విదేశీ రైఫిల్ అయితే దిగుమతి కాగితాలు కూడా. అవి లేవంటే ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి.

ఇంకో మాట. గాలి నింపడానికి డైవింగ్ వాళ్లు వాడే పొడి గాలి సిలిండర్ గానీ, హ్యాండ్ పంప్ గానీ వాడండి. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపిస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు కాస్త నూనె తగిలినా పేలిపోతుంది. మీ సముద్రపు గాలికి బ్యారెల్ పైన తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి కొట్టిన ప్రతిరోజూ పొడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న: అమ్మా, కోతులతో మొక్కజొన్న చేతికి రావడం లేదు. ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదట కదా. బెదిరించడానికి ఏది మంచిది?
– ఒక రైతు, నిర్మల్ జిల్లా

జవాబు: మీ కష్టం నాకు తెలుసు. మా పుట్టింటి చేనుదీ అదే పరిస్థితి. అయినా దీనికి నేను ఏ గన్ పేరూ చెప్పను. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే. కానీ కోతిని కొట్టడానికి అది అనుమతి కాదు. జంతువుల మీద క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం కింద కేసవుతుంది. నెమలికో మరో అడవి జీవికో తగిలిందా, 1972 వన్యప్రాణి చట్టం వస్తుంది. పెల్లెట్ తగిలిన కోతి వెంటనే చావదు. పుండు కుళ్లి, రోజుల తరబడి నరకం చూస్తుంది. గురి తప్పిన పెల్లెట్ పక్క చేనులో వంగి పని చేసుకుంటున్న మనిషి కంట్లో పడొచ్చు. మీ జిల్లాలోనే చించోలి దగ్గర కోతుల సంరక్షణ కేంద్రం ఉంది, 2020 నుంచి అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నారు. పట్టించి అక్కడికి పంపే విషయం గ్రామ పంచాయతీ తరఫున అటవీ శాఖకు రాతపూర్వకంగా పెట్టించండి. గన్‌కు పెట్టాలనుకున్న డబ్బు చుట్టుపక్కల రైతులతో కలిసి సోలార్ కంచెకు వేసుకోండి.