హోస్టింగ్ సరే, డొమైన్ ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరే పచ్చళ్లు, పిండివంటలు చేసి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. వచ్చే నెల హోస్టింగ్ రెన్యువల్‌కు పన్నుతో కలిపి ఏడాదికి రూ.10,620 అడుగుతున్నారు. ఇంకో కంపెనీ 48 నెలలకు ఒకేసారి కడితే నెలకు రూ.149 అంటోంది. ఏడాదికే తీసుకుంటే నెలకు రూ.249, ఆ తర్వాత రూ.499. నాలుగేళ్ల డబ్బు ముందే కట్టేయొచ్చా? సైటు, డొమైన్ అన్నీ డిజైన్ చేసిన అబ్బాయే చూసుకుంటాడు.

జవాబు: కట్టేయొచ్చు. రూ.149లో పన్ను కలపలేదనుకుంటే, 48 నెలలకు రూ.7,152, దానిపై 18 శాతం జీఎస్టీతో దాదాపు రూ.8,439 అవుతుంది. ఏడాది ప్లాన్‌కు పన్నుతో కలిపి ఇప్పుడు రూ.3,526 చాలు గానీ రెండో ఏడాదే రూ.7,066 కట్టాలి. ఏళ్ల తరబడి డబ్బు ముందే కట్టొద్దని మామూలుగా చెబుతుంటాను. జిమ్‌లకు, కోచింగ్ సెంటర్లకు ఇప్పటికీ అదే మాట. ఇక్కడ మాత్రం సర్వీసు నచ్చక ఏడాదికే వదిలేసినా, ఏడాది ప్లాన్‌తో పోలిస్తే అదనంగా పోయేది రూ.5 వేలలోపే. బిల్లులో మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి, మీరు కాంపోజిషన్ స్కీములో లేకపోతే కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద (మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి) సర్దుకోవచ్చు.

నాకు టెన్షన్ పెట్టింది మీ చివరి వాక్యం. హోస్టింగ్ అంటే మీ సైటు ఫైళ్లు ఉండే చోటు, అద్దె కొట్టు లాంటిది, ఇవాళ ఇక్కడ, రేపు పక్క వీధిలో. డొమైన్, అంటే మీ సైటు అడ్రసు, అలా కాదు, ఇన్నేళ్లూ కస్టమర్లు గుర్తుపెట్టుకున్న పేరు అది. ఆ అబ్బాయి తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసి ఉంటే రికార్డుల ప్రకారం అది అతనిదే. మంచివాడే కావచ్చు, కానీ ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోతే రెన్యువల్ మెసేజ్ ఎవరికి వస్తుంది?

అందుకే ముందు అదే రిజిస్ట్రార్ (డొమైన్‌ను రిజిస్టర్ చేసిన కంపెనీ) దగ్గర మీ ఫోను, మీ ఈమెయిల్‌తో ఖాతా తెరిచి డొమైన్‌ను అందులోకి మార్పించుకోండి. ఓనరుగా మీ పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. పేరు మారాక డాట్ కామ్ డొమైన్‌ను 60 రోజుల పాటు వేరే రిజిస్ట్రార్‌కు తరలించనివ్వకపోవచ్చు. దానితో మీకు పనిలేదు. హోస్టింగ్ మార్చడానికి, ఆ పేరు టైప్ చేసినవాళ్లను ఏ హోస్టింగ్‌కు పంపాలో చెప్పే నేమ్‌సర్వర్లు మారిస్తే చాలు.

కొత్త హోస్టింగ్ రెన్యువల్ తేదీకి కనీసం మూడు వారాల ముందే తీసుకోండి. డబ్బు వాపసు గడువు ఎన్ని రోజులో చదివి, ఆ లోపలే సైటు మార్చేసి చూడండి. పాతదాన్ని వెంటనే రద్దు చేయొద్దు. నేమ్‌సర్వర్లు మార్చాక ఒకటి రెండు రోజులు కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లకు కొత్త సైటు, ఉప్పల్‌లో ఉన్నవాళ్లకు పాత సైటు కనిపించవచ్చు. ఆ సమయంలో పాతదాంట్లో పడిన గోంగూర ఆర్డరు కొత్తదాంట్లో ఉండదు. డబ్బు పడుతుంది, పార్సిల్ వెళ్లదు! కాబట్టి ఆ రెండు రోజులూ పాత సైటులో ఆర్డర్లు ఆపి, మీ వాట్సాప్ నంబరు పెట్టండి. దసరా ఆర్డర్లు మొదలుకాక ముందే ఈ పని అయిపోవాలి. కొత్త సైటులో మీరే చిన్న ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, రసీదు వస్తుందో లేదో చూసుకోండి.

మీ ఆర్డర్ల ఈమెయిల్ కూడా పాత హోస్టింగ్‌లోనే ఉంటే ఆ మెయిళ్లను ముందే దించుకోవాలి. సైటు ఫైళ్లు, డేటాబేస్ (ఆర్డర్లు, కస్టమర్ల వివరాలు ఉండేది) రెండింటి బ్యాకప్ ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఉంటే చాలదు, మీ దగ్గరా ఒక కాపీ ఉండాలి.

పాత కంపెనీలో ఆటో రెన్యువల్ ఇవాళే ఆపేయండి. కార్డుకు ఈ-మాండేట్ (దానంతట అదే డబ్బు కోసుకోవడానికి ముందే ఇచ్చిన అనుమతి) ఉంటే డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, కానీ అది ఎవరి కార్డో, ఎవరి ఫోనుకు వస్తుందో కనుక్కోండి. ఈ పనంతటికీ ఆ అబ్బాయి మూడు నాలుగు వేలు అడిగితే బేరమాడకుండా ఇవ్వండి, డొమైన్ మీ ఖాతాలోకి వచ్చాకే.