అమెరికా నల్లజాతి గాయని ఎథెల్ వాటర్స్ పాటలకు గిరాకీ తగ్గాకే నాటకాల్లోకి వెళ్లిందా?

లేదు, గాయనిగా మంచి ఊపులో ఉన్నప్పుడే ఆమె న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో తారగా నిలబడింది. 1896లో పెన్సిల్వేనియాలో పుట్టిన ఎథెల్ నేర్చుకున్నదంతా పాటలు, ఆటలు, హాస్యం కలగలిసిన వోడ్‌విల్ ప్రదర్శనల వేదికల మీదే. అక్కడ పాటొక్కటే చాలదు. పాటలోని మనిషిలా నిలబడాలి, నవ్వించాలి, ఏడిపించాలి. ప్రతి మాటా స్పష్టంగా పలుకుతూ కథ చెప్పినట్టు పాడటం ఆమెకు అక్కడే అబ్బింది. నటన విడిగా నేర్చుకోవాల్సిన పని పెద్దగా లేకపోయింది.

1933నే చూడండి. ఆ ఏడాది న్యూయార్క్ కాటన్ క్లబ్‌లో 'స్టార్మీ వెదర్' పాడి ఊరంతా ఊపేసింది. అదే ఏడాది ఇర్వింగ్ బెర్లిన్ సంగీత ప్రదర్శన 'యాజ్ థౌజండ్స్ చీర్'లో తెల్లజాతి తారల సరసన నిలిచింది. అందులో 'సప్పర్ టైమ్' పాటకు ముందు ఒక నల్లజాతి మనిషిని మూక చంపేసిందన్న పత్రికా శీర్షిక తెర మీద కనిపిస్తుంది. అతని భార్య పిల్లలకు రాత్రి భోజనం సిద్ధం చేస్తూ, నాన్న ఇక రాడని వాళ్లకెలా చెప్పాలా అని పాడుతుంది. అది పాటా, నటనా అని విడదీయడం ఎవరి తరం?

1939లో 'మాంబాస్ డాటర్స్' నాటకంలో ప్రధాన పాత్ర దక్కింది. 1949 నాటి 'పింకీ' సినిమాలో నటనకు ఆమెకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

'స్టార్మీ వెదర్' అనగానే చాలామందికి మరో గాయని లీనా హార్న్ గుర్తొస్తుంది. ఆమె పాడిన సినిమా వచ్చింది పదేళ్ల తర్వాత, 1943లో.